పాచి చచ్చిన మడుగు

1961 మే మొదటి వారంలో మణెమ్మ రెంటచింతలలో బస్సు దిగింది. నెత్తిన ట్రంకుపెట్టె పెట్టుకుని, పాతచీరలో చుట్టిన మైక్రోస్కోపును పసిబిడ్డలా చంకనెత్తుకుని పుట్టిన ఊరు గుట్టకిందిపాలెం చేరేసరికి పదకొండు దాటింది. ఆ వేళకే నేల మీద కాలు నిలవడం లేదు. రెంటచింతల ఎండంటే పల్నాటివాళ్ళే దణ్ణం పెడతారు.

ఆమెకు ముప్పై ఏళ్ళు. గుంటూరులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెబుతుంది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయి ఆరేళ్ళయింది. తండ్రి జక్కయ్య ఒక్కడే పాలెంలో ఉంటాడు. ఆ ఏడు స్కూలుకు కొత్త మైక్రోస్కోపు వచ్చింది. పాతదాన్ని సెలవులకు తీసుకుపోయి, వచ్చే ఏడాది పిల్లలకు చూపించడానికి స్లైడ్లు తయారు చేసుకు రమ్మని హెడ్మిస్ట్రెస్ అప్పగించింది. మణెమ్మ సంబరపడింది. పాలెం పక్క నల్లవాగు మడుగులో దొరికే పాచిలాంటి పాచి గుంటూరు మొత్తం వెతికినా దొరకదు. వేసవిలో వాగంతా ఎండిపోయినా ఆ మడుగు ఎండదు. దాని ఒడ్డు రాళ్ళకు పట్టుదారాల్లాంటి పచ్చని పాచి జడలు జడలుగా వేలాడుతూ ఉంటుంది. కాలేజీ పుస్తకాల్లో స్పైరోగైరా అంటారే, అది అదే.

పొద్దు వాలాక సీసాలు తీసుకుని మడుగుకు పోయింది. రాళ్ళు నున్నగా, కడిగి బోర్లించిన పళ్ళాల్లా ఉన్నాయి. ఎక్కడా పచ్చదనం లేదు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, రెండు నిలువుల లోతున పడి ఉన్న గాజుముక్క రంగు కూడా కనిపిస్తోంది.

బిందె ముంచుకుంటున్న ఆడవాళ్ళలో ఒకామె నవ్వింది. "చూశావా మణెమ్మా, మన మడుగు అద్దమల్లే అయింది. ఇప్పుడు కాలు జారేది లేదు, బట్టలకు మరక పట్టేది లేదు. అంతా మేరీమాత దయ."

మణెమ్మ నవ్వబోయి ఆగిపోయింది. ఏదో లోపించినట్టనిపించింది. కాసేపు నిలబడి చూస్తే తెలిసింది. కప్పల అరుపు లేదు. నీటి మీద పరుగెత్తే పురుగులు లేవు. ఒడ్డున నత్తగుల్లలు ఉన్నాయి గాని, వాటిలో నత్తలు లేవు. అంత మడుగులో బతికి కదిలేది ఒక్కటీ లేదు, బిందెలు ముంచే ఆడవాళ్ళు తప్ప.

ఒంగి, ఒక రాతి పగులులో వేలు పెట్టి గీకితే, పాలిపోయిన దారపు పోగులు నాలుగు వచ్చాయి. వాటిని సీసాలో వేసుకుని ఇంటికొచ్చి, వాకిట్లో వెలుగు ఉండగానే మైక్రోస్కోపు అడుగు అద్దం ఆకాశానికి తిప్పి చూసింది.

ఆరోగ్యంగా ఉన్న పాచిపోగు ఎలా ఉంటుందో ఆమెకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది. గాజుగదులు వరసగా పేర్చినట్టు కణాలు. ఒక్కొక్క గదిలో గోడకు ఆనుకుని ఆకుపచ్చ పట్టీ, జడకు రిబ్బను చుట్టినట్టు మెలికలు మెలికలుగా. పట్టీ పొడుగునా ముత్యాల్లాంటి గింజలు, ఎండతో వండుకున్న తిండి నిలవ చేసుకునే చోట్లు. గది నడుమ సన్నని తాళ్ళతో వేలాడే కేంద్రకం. ఆ పచ్చపట్టీని మొదటిసారి చూసిన ఆడపిల్ల ప్రతి ఒక్కతీ గట్టిగా ఊపిరి పీల్చేది.

ఇప్పుడు కనిపించింది వేరు. పట్టీ గోడను వదిలేసింది. మెలికలు ఊడి, చితికిన తమలపాకులా గది నడుమ కుప్పపడింది. పచ్చదనం పోయి గడ్డిరంగు తేలింది. గోడ లోపల ఉండే పలచని పొర గోడ నుంచి విడిపోయి ముడుచుకుపోయింది. గింజలు చెదిరి అడుగున పడి ఉన్నాయి. గోడలు మాత్రం చెక్కు చెదరలేదు. మశూచి వచ్చి జనం పోయిన వీధిలో ఇళ్ళు నిలబడి ఉన్నట్టు, గదులన్నీ వరసగా ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

ఎండకు ఎండిన పాచి ఇలా చావదు. ఇది విషం తిన్న చావు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పిన లెక్చరరు మాట గుర్తొచ్చింది. "కణానికి ప్రాణం దాని లోపలి పొరలో ఉంటుందమ్మా. ఏది రావాలో, ఏది పోవాలో ఆ పొర చూసుకుంటుంది. రాగి, సీసం లాంటి లోహాలు నీళ్ళలో కరిగి వస్తే ముందు ఆ పొరనే పట్టుకుంటాయి. కావలివాడే పడిపోతే ఇంట్లోది బయటికి కారిపోతుంది, బయటి విషం లోపలికి పోతుంది. లోపల పనిచేసే ప్రోటీన్లను పట్టుకుని బిగిస్తుంది. ఇక వంట ఆగిపోతుంది, ఊపిరి ఆగిపోతుంది. మన కంటికి నీళ్ళు తేటగానే ఉంటాయి."

సీసాకు మూత బిగించి, నాయన కోసం వాకిట్లోనే కూర్చుంది.

జక్కయ్య డ్యూటీ దిగి వచ్చాడు. గుట్ట మీద పాతకాలపు గోతులు ఉన్నాయి. ఎప్పటివాళ్ళో రాయి తవ్వుకుని పోయారు. ఒక కంట్రాక్టరు వచ్చి, రాగి దొరుకుతుందేమోనని ఆ గోతుల్లో నిలిచిన నీళ్ళు తోడించి మళ్ళీ తవ్విస్తున్నాడు. పాలెంలో నలభై మందికి పని దొరికింది. జక్కయ్యకు నీళ్ళు తోడే ఇంజను దగ్గర కాపలా.

"నాయనా, గోతుల్లో నీళ్ళు తోడి వాగులో పోస్తున్నారా?"

"పొయ్యక యాడ పోస్తారు? జనవరి నుంచి ఇంజను ఆడతానే ఉంది. అడుగున రాయి నెమలిమెడ రంగులో ఉంటది. నీళ్ళు మాత్రం కొబ్బరినీళ్ళల్లే తేట."

"నువ్వు తాగుతున్నావా ఆ నీళ్ళు?"

"కుండలోయి అయిపోతే తాగుతా. కాస్త వగరు." జక్కయ్య పొట్ట మీద చెయ్యి రాసుకున్నాడు. "ఈ మధ్య అన్నం సయించట్లా. ఎండకనుకుంటా."

ఆయన చేతి గోళ్ళ వైపు, కళ్ళ వైపు చూసింది మణెమ్మ. ఏం వెతుకుతోందో ఆమెకే తెలియదు.

తెల్లవారి హజ్రా బీ బర్రెల్ని తోలుకుంటూ ఎదురైంది. పాలెం చివర ఉంటుంది, పాడితో బతుకుతుంది. మడుగు పక్కనే ఉండగా రెండు మైళ్ళ దూరాన చీమలబావికి తోలుకుపోతోంది.

"అంత దూరం ఎందుకత్తా?"

"ముట్టట్లేదమ్మా. మూతి తడుపుకుని ఎనక్కి తిరుగుతున్నయ్. కర్రుచ్చుకుని కొట్టినా తాగలా. గొడ్డు వద్దన్న నీళ్ళు మనుషులు తాగుతున్నారు, నేనేం చెప్పను."

మణెమ్మ ఆమె వెంట పోయింది. చీమలబావి మెట్ల మీద పచ్చని పాచి నిండుగా ఉంది. దాన్ని చూడగానే ఏడుపొచ్చినంత పనైంది. ఇంటి నుంచి తెచ్చిన అమ్మ రాగిచెంబులో బావినీళ్ళు నింపి, పాచి వేసుకుని వచ్చింది. రెండు సీసాలు పెట్టింది. ఒకదానిలో మడుగు నీళ్ళు, ఒకదానిలో చెంబులోని బావినీళ్ళు. రెండింటిలో ఒకే జడ నుంచి తీసిన పోగులు వేసింది.

మధ్యాహ్నానికి మడుగు నీళ్ళలోది తెల్లబడింది. మర్నాడు పొద్దున చూస్తే బావినీళ్ళలోది కూడా పోయింది.

అప్పుడు నిజంగా భయం పట్టుకుంది. బావి కూడా పోయిందా? భూమి లోపలి నుంచే వస్తోందా? ఇక జనం తాగేదేమిటి? చాలాసేపు ఆ సీసా ముందు కూర్చుంది. చెయ్యి పక్కకు పెడితే రాగిచెంబు తగిలింది. అప్పుడు బోధపడింది. పాచికి ఆ చెంబు చాలు. దోవ పొడుగునా రాగిలో ఉండి వచ్చిన నీళ్ళకే అది చస్తుంది. కాలేజీలో విన్నదే, భయంలో మరిచిపోయింది.

గుండె కుదుటపడింది గాని, ఆ నెమ్మది ఎంతోసేపు నిలవలేదు. రాగిచెంబులో నీళ్ళు జనం తరతరాలుగా తాగుతున్నారు. వాళ్ళకేమీ కాలేదు. పాచి చచ్చినంత మాత్రాన మనిషికీ చెడు చేస్తుందని ఎలా చెప్పడం? తాను పొరపడుతోందేమో. నలభై మంది పని తన నోటితో పోగొడుతుందేమో.

నాలుగు రోజులు మైక్రోస్కోపు వదల్లేదు. ఈసారి మట్టిముంతలో బావినీళ్ళు తెచ్చింది. చెంబునీళ్ళు ఒక వంతుకు నాలుగు వంతులు బావినీళ్ళు కలిపింది. ఆ సీసాలో పాచి పచ్చగా బతికింది. మడుగునీళ్ళు అలాగే కలిపితే పొద్దు వాలేలోపు చచ్చింది. ఒకటికి పది కలిపితే రెండో రోజుకు చచ్చింది. ఒకటికి యాభై కలిపితే గాని బతకలేదు. ఇక ఇంజను గొట్టం దగ్గర పట్టి తెచ్చుకున్న నీళ్ళు. వాటికి నూరు వంతులు కలిపినా, మూడో నాడు పట్టీలు గోడలు వదిలి కుప్పపడ్డాయి. మైక్రోస్కోపు మీద ఒంగి ఆ గదులు ఒక్కొక్కటే ఖాళీ అవుతుంటే చూసింది. ముందు పట్టీ అంచులు నున్నబడతాయి, తర్వాత మెలిక సడలుతుంది, తర్వాత పొర ముడుచుకుంటుంది. చూస్తున్నంతసేపూ తన ఒంట్లో లక్షల గదులున్న సంగతే తలపుకొచ్చింది. నాయన ఒంట్లో ఉన్నాయి. మడుగు దగ్గర నవ్విన ఆడవాళ్ళ కడుపుల్లో ఉన్నాయి. వాటికి ఇంత దిట్టమైన గోడలు కూడా లేవు.

ఆరోగ్యస్వామి పాలేనికి పెద్ద. గని దగ్గర మేస్త్రి. జక్కయ్యకు తమ్ముడి వరస. వచ్చే బుధవారం ఆయన కూతురు మరియమ్మ పెళ్ళి. రెంటచింతల గుళ్ళో తాళి, పాలెంలో రెండొందల మందికి భోజనాలు. మణెమ్మ పోయేసరికి పందిరి వేయిస్తున్నాడు. ఆమె చెప్పిందంతా చివరిదాకా విన్నాడు. ఆమె తెచ్చిన మైక్రోస్కోపులో కూడా చూశాడు.

"నాకు పచ్చగా ఏదో కనపడతంది. చచ్చిందో బతికిందో నాకేం తెలుసు?"

"ఈ రెండూ పక్కపక్కన చూడు చిన్నాయనా."

"చూశాలే." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "రాగిచెంబులో నీళ్ళు మా నాయన ఎనభై ఏళ్ళు తాగాడు."

"చెంబు నీళ్ళ కన్నా ఇవి ఎన్నో రెట్లు ఎక్కువ. కలిపి చూశా."

"మరి మడిసి చస్తాడా? చెప్పు."

"ఎంతలో ఏమవుద్దో నాకు తెలవదు. అదే నా భయం. తెలిస్తే ఇంత భయం ఉండేది కాదు."

"కంటికి కనపడని పాచి కోసం నలభై కుంపట్లు ఆర్పమంటావా?" కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు. "ఎనిమిదేళ్ళుగా వానల్లేక ఈ పాలెం మిరపకాయల కూలికి ఊళ్ళు పట్టుకు తిరిగింది. ఈ ఏడే పిల్లలు ఇళ్ళల్లో పడుకున్నారు. నీకు గుంటూరులో జీతం ఉంది అమ్మాయ్."

"పెళ్ళి భోజనాలకైనా చీమలబావి నుంచి నీళ్ళు తెప్పించు," అంది.

"ఏ బండికి తీరుబాటు ఉంది? ఎల్లు, ఎండన పడబాక."

ఇంటికొచ్చేసరికి జక్కయ్యకూ ఆ మాట చేరింది. అప్పటికే పాలెమంతా తెలిసిపోయింది. "నా ఉజ్జోగం పొయ్యే మాటలు నా ఇంట్లోనే పుడితే ఎట్టాగే?" అన్నాడు. బావినీళ్ళ ముంత ఆయన ముందు పెట్టింది. తాగాడు. రోజూ డ్యూటీకి పోయేటప్పుడు అదే ముంత ఇచ్చింది. ఎండ నూట పదిహేను డిగ్రీలకు పోయింది. ముంతెడు నీళ్ళు ఎంతసేపు వస్తాయి?

బుధవారం పొద్దున ఆరింటికి, రాత్రి కాపలాకు పోయిన జక్కయ్యను ఇద్దరు మనుషులు మంచం మీద మోసుకొచ్చారు. నోటి వెంట, చొక్కా మీద, నీలం కలిసిన పచ్చరంగు. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. ఒళ్ళు చల్లగా, చెమటతో జారిపోతోంది.

"గొట్టం కింద దోసిలి పట్టి తాగాడంట," అన్నాడు మోసుకొచ్చినవాడు. "శానాసేపు తాగాడంట."

పక్కన ఎవరో ఆయన తల పట్టుకున్నారు. మళ్ళీ వాంతి అయింది. అది మట్టిలో ఇంకుతుంటే మణెమ్మ చూస్తూ నిలబడింది. ఆ రంగు ఆమెకు తెలుసు. కాలేజీ లేబరేటరీలో మైలుతుత్తమనే రాగిలవణం కరిగించిన గాజుగ్లాసు రంగు.

ఆరోగ్యస్వామి వచ్చాడు. కొత్త పంచె కట్టుకుని ఉన్నాడు, గుడికి బయల్దేరే వేళ. మంచం పక్కన ఒంగి జక్కయ్య మొహం చూశాడు, నేల మీదిది చూశాడు. మణెమ్మ వైపు ఒక్కసారి తల ఎత్తాడు. లేచి పందిరి వైపు నడిచాడు.

పందిరి వెనక గాడిపొయ్యి మీద గుండిగలు ఎక్కించి ఉన్నాయి. ఎసరు అప్పుడే కాగుతోంది. వరసగా పది కాగుల నిండా మడుగు నీళ్ళు. ఆరోగ్యస్వామి పొయ్యిలో కట్టెలు బయటికి లాగాడు. పెద్ద కాగు అంచు రెండు చేతులతో పట్టుకుని ఒరగదోశాడు. వంటవాళ్ళు "ఏంది మేస్త్రీ, ఏంది" అంటూ దగ్గరికొస్తే, "పారబొయ్యండి," అన్నాడు. "అన్నీ. ఒక్క చుక్క ఉంచబాకండి. బండ్లకు పీపాలు కట్టి చీమలబావికి తోలండి. తిండి సాయంత్రానికి పెడదాం."

కొత్త పంచె మోకాళ్ళ దాకా తడిసిపోయింది. ఆ తడి పంచెతోనే కూతుర్ని తీసుకుని గుడికి పోయాడు.

గని లారీలో జక్కయ్యను ముందు గురజాలకు, అక్కడి నుంచి గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. మణెమ్మ దోవ పొడుగునా ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూడోనాటికి కళ్ళు పసుపు తిరిగాయి. మూత్రం నల్లని కాఫీ డికాషన్‌లా వచ్చింది. డాక్టరు అడిగితే సీసాలో తెచ్చిన నీళ్ళు చూపించింది. ఆయన వాసన చూసి, వెలుగుకు పెట్టి చూశాడు. "రక్తంలో కణాలు పగులుతున్నాయి," అన్నాడు. "లివరు కూడా దెబ్బతింది. చూద్దాం." ఎర్రని గదులు ఒక్కొక్కటే పగిలి లోపలిది కారిపోవడం మణెమ్మ కళ్ళకు కట్టింది. ఇక కళ్ళు మూసినా తెరిచినా అదే.

ఇరవైమూడు రోజులు పట్టింది. జక్కయ్య బతికాడు. బతికాడు గాని మునుపటి మనిషి కాడు. నాలుగడుగులు వేస్తే కూర్చునేవాడు. గ్లాసులో నీళ్ళిస్తే కూతురి మొహం చూసి తాగేవాడు.

పెళ్ళి మర్నాడే ఆరోగ్యస్వామి ఇంజను ఆపించాడు. కంట్రాక్టరు ఆయన్ని పనిలోంచి తీసేసి, మాచర్ల నుంచి ఇంకో మేస్త్రిని తెచ్చాడు. పాలెం నుంచి ఒక్కరూ పనికి పోలేదు. ఒక ఇంజనీరు వచ్చి సీసాలో నీళ్ళు పట్టుకుపోయాడు. ఏం తేలిందో ఎవరూ చెప్పలేదు. జులైలో కంట్రాక్టరు ఇంజను ఎత్తుకుని పోయాడు, రాయిలో రాగి సరిపడా లేదన్నారు. మగవాళ్ళు నాగార్జునసాగరం పనికి వలసపోయారు. కొందరు మణెమ్మను చూసి మొహం తిప్పుకున్నారు. ఆమె తప్పు పట్టలేదు.

ఆ డిసెంబరులో మణెమ్మ క్రిస్మసు సెలవులకు పాలెం వచ్చినప్పుడు మరియమ్మ ఆమె ఇంటికి వచ్చింది. అయిదో నెల. గడప దగ్గర కూర్చుని చాలాసేపు కొంగు చివర ముడి వేస్తూ, విప్పుతూ ఉంది.

"అక్కా, జనవరి నుంచి పెళ్ళి దాకా నేను మడుగు నీళ్ళే తాగా. రోజూ. మా నాయన్ని అడిగితే ఏం కాదంటాడు. నువ్వు చెప్పు. బిడ్డకేమన్నా అవుద్దా?"

మణెమ్మకు అబద్ధం నోటి దాకా వచ్చింది. ఆ పిల్ల కళ్ళల్లోకి చూసి మింగేసింది. "నాకు తెలవదు మరియమ్మా. ఎవరూ చూడలేదు, ఎవరూ లెక్కపెట్టలేదు. నువ్వు ఆపి ఏడు నెలలైంది. ఒళ్ళు చానావరకు బయటికి తోసేసి ఉంటది. కాన్పుకు గుంటూరు రా. నా దగ్గర ఉండు."

మరియమ్మ మార్చి చివర గుంటూరు వచ్చింది. ఆ రెండు వారాలూ మణెమ్మ స్కూల్లో పాఠం చెబుతున్నా చెవి ఇంటి వైపే ఉండేది. పచ్చపట్టీని చూసి పిల్లలు నవ్వుతుంటే తాను కిటికీ వైపు తిరిగేది. ఏప్రిల్ పదకొండున ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. నర్సు తుండుగుడ్డలో చుట్టి అందించింది. బిడ్డ గట్టిగా ఏడుస్తోంది. మణెమ్మ దాన్ని కిటికీ వెలుగులోకి తీసుకుపోయి, కనురెప్పలు ఎత్తి తెల్లగుడ్డు చూసింది, చిగుళ్ళు చూసింది, పది వేళ్ళూ విప్పి గోళ్ళు చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. కంటికి కనిపించేవన్నీ బాగానే ఉన్నాయి.

"ఎట్టుందక్కా?" అంది మరియమ్మ మంచం మీద నుంచి.

"బంగారమల్లే ఉంది," అంది మణెమ్మ. బిడ్డను వెంటనే ఇవ్వలేదు. ఇంకా కాసేపు వెలుగులోనే నిలబడి చూస్తూ ఉంది.